‘బై’తో బయటపడటం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో ఓ మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ముప్పై ఏళ్లు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పినవాణ్ణి. నా దగ్గర ఇంగ్లిష్ నేర్చుకుని బాగుపడ్డవాళ్లు ఉన్నారో లేదో గానీ, ఫీజు ఎగ్గొట్టి బాగుపడ్డవాళ్లు మాత్రం ఊరినిండా ఉన్నారు. బజార్లో కనిపిస్తే ఇప్పటికీ ‘హౌ ఆర్ యూ సార్’ అంటారు. అంతవరకూ వచ్చింది, సంతోషం.

పాఠాలు మానేశాక, నా అనుభవసారం పదిమందికీ పంచుదామని కూర్చున్నాను. ఇంగ్లిష్ ప్రిపొజిషన్లన్నిటి గురించీ రాయాలంటే ఈ జన్మ చాలదు. అందుకని ఒక్కదాన్నే పట్టుకున్నాను. ‘బై’. వాళ్లకు రెండక్షరాలు, మనకు ఒకటే. ఆ ఒక్క అక్షరంతో ఇంటద్దె దగ్గర్నుంచి సర్కారు బాధ్యత దాకా దేన్నుంచయినా బయటపడవచ్చని నా గట్టి నమ్మకం. కింద తొమ్మిది చిట్కాలున్నాయి. పాటించండి. ఫలితాల గురించి నన్ను అడగొద్దు. ఎందుకు అడగకూడదో తొమ్మిదో చిట్కాలో ఉంది.

చిట్కా 1: మాట ఒకటి, అర్థం ఒకటి

‘బై’ అంటే ‘చేత’. అంతే. చిన్నప్పుడు బడిలో ‘చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి’ అని గొంతు చించుకున్నాం కదా. ఆ ‘చేత’ పక్కన ‘బై’ అని రాసుకుని పుస్తకం మూసెయ్యండి. మళ్లీ తెరవకండి.

తెలుగువాడు ఇక్కడ చేసే ఘోరమైన తప్పు ఏమిటంటే, సందర్భం చూస్తాడు. ఇంగ్లిష్‌వాడు పొదుపుగా ఒక్క ‘బై’తో కాలక్షేపం చేస్తుంటే, మనవాడు చోటుకో వేషం వేస్తాడు. ‘బై ట్రెయిన్’ అంటే రైల్లో. ‘బై ఫోర్స్’ అంటే బలవంతంగా. ‘బై మిస్టేక్’ అంటే పొరపాటున. ‘బై బర్త్’ అంటే పుట్టుకతో. ‘బై లా’ అంటే చట్టప్రకారం. ‘బై నైట్’ అంటే రాత్రిపూట. మామిడికాయలు ‘బై వెయిట్’ అమ్మితే కిలో లెక్కన. ‘బై ద వే’ అంటే ‘అన్నట్టు’. ఇక ‘వన్ బై వన్’ దగ్గరకొచ్చేసరికి విభక్తీ గిభక్తీ పక్కన పడేసి, ఉన్న మాటనే రెండుసార్లు అనేసి ‘ఒక్కొక్కరుగా’ అంటాడు. ఇంత దుబారా ఏ భాషకైనా మంచిదా? అన్నిటికీ ‘చేత’ పెట్టండి. రైలుచేత వచ్చాను, రాత్రిచేత దిగాను, మా ఇల్లు ఏటిచేత ఉంది. ఎంత హాయిగా ఉందో చూడండి.

పాత ఇంగ్లిష్‌లో ‘బై’కి అసలు అర్థం ‘దగ్గర, పక్కన’ అనీ, పని చేసినవాడి పేరు ముందు దాన్ని తగిలించడం తర్వాత్తర్వాత స్థిరపడిందనీ, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో కూడా చాలాచోట్ల ఆ పనికి ‘ఆఫ్’ కనిపిస్తుందనీ కొందరు పండితులు మీ చెవిలో ఊదుతారు. చెవులు మూసుకోండి. మూలాలు తెలిస్తే నమ్మకాలు సడలుతాయి.

ఒకసారి ఓ కుర్రాడు లేచాడు. “మాస్టారూ, ‘సిట్ బై మీ’ అంటే ‘నాచేత కూర్చో’ అనా?”

“పరీక్షలో రాదు. కూర్చో” అన్నాను.

“ఎవరిచేత మాస్టారూ?” అన్నాడు. వాడు తర్వాత నెల నుంచి రాలేదు.

చిట్కా 2: ‘బై’ వినబడితే భాగించండి

లెక్కల పుస్తకంలో ‘20ని 4 చే భాగించగా’ అని ఉంటుంది. అక్కడ ‘చే’ ఉంది, బయట ‘ట్వెంటీ బై ఫోర్’ అంటున్నాం. అంటే ‘బై’ అంటే భాగహారం. దీన్ని జీవితమంతటికీ విస్తరించండి.

హోటల్లో ‘వన్ బై టూ’ టీ చెప్తే ఒకటి తెచ్చి రెండుగా పోస్తాడు. సరిపోయింది. కానీ రియల్ ఎస్టేట్ ఏజెంటు ‘థర్టీ బై ఫార్టీ ప్లాటు సార్’ అంటే ముప్పైని నలభైతో భాగించి, ముప్పావు అడుగు స్థలానికి ఇంత రేటా అని దెబ్బలాడండి. వాడు గుణించి 1,200 చదరపు అడుగులనీ, తొమ్మిదితో భాగిస్తే 133 గజాల చిల్లర అనీ చెప్తాడు. చూశారా, ‘బై’ అన్నచోట గుణించి, అననిచోట భాగిస్తున్నాడు. మోసం ఇక్కడే ఉంది.

‘ట్వెంటీఫోర్ బై సెవెన్’ పనిచేస్తామని బోర్డు పెట్టినచోటికి ఏ వేళప్పుడంటే ఆ వేళప్పుడు వెళ్లకండి. భాగిస్తే మూడు గంటల 26 నిమిషాలు వస్తుంది. అంతసేపే తెరిచి ఉంటుంది. ఇంగ్లిష్‌వాళ్లు అసలు అక్కడ ‘బై’ అనరు, ‘ట్వెంటీఫోర్ సెవెన్’ అని ఊరుకుంటారు. ‘బై’ మనం వేసిన తాలింపు. బి.పి. కూడా అంతే. వాళ్లు ‘వన్ ట్వెంటీ ఓవర్ ఎయిటీ’ అంటారు, మనం ‘బై ఎయిటీ’ అంటాం. భాగిస్తే ఒకటిన్నర. డాక్టరు 180 బై 120 ఉందని కంగారుపడి ఆసుపత్రిలో చేరమంటే, ‘అదీ ఒకటిన్నరేనండీ, నార్మలే’ అని చెప్పి చూడండి. ఆయన బి.పి. ఎంతకు పెరుగుతుందో అప్పుడు కొలవొచ్చు.

అన్నిటికన్నా గొప్పది మా బ్రాడీపేట. ఇక్కడ చిరునామా ‘4/14’ అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. నోటితో ‘నాలుగు బై పద్నాలుగు’ అంటాం. గుణించనక్కర్లేదు, భాగించనక్కర్లేదు, రెండు వీధులు కలిసేచోట నిలబడితే చాలు. నేను మాత్రం లెక్క వదలను కదా. పైనా కిందా రెండుతో కొట్టివేసి, శుభలేఖ మీద ‘2/7, బ్రాడీపేట’ అని రాసి పోస్టు చేశాను. లెక్కప్రకారం రెండూ ఒకటే. పెళ్లికి ఎవరో తెలియనివాళ్లు వచ్చి భోంచేసి, వెండి కుంకుమభరిణె చదివించి వెళ్లారు.

చిట్కా 3: గడువు అడిగితే ‘బై’ అనండి, ‘దాకా’ అనుకోండి

తెలుగులో ‘కల్లా’ అనే ప్రమాదకరమైన మాట ఒకటుంది. ‘శుక్రవారం కల్లా ఇస్తాను’ అంటే శుక్రవారం పొద్దుగూకేసరికి వస్తువు మన చేతిలో ఉండాలి. తప్పించుకోవడానికి సందే లేదు. ఇంగ్లిష్‌లో దానికి సరిసమానం ‘బై ఫ్రైడే’. పని సాగుతూనే ఉంటుందని చెప్పే ‘దాకా’కు ‘టిల్’. ‘ఐదింటి కల్లా ఉంటాను’ అన్నవాడు ఐదింటికి వస్తాడు. ‘ఐదింటి దాకా ఉంటాను’ అన్నవాడు ఐదింటికి వెళ్లిపోతాడు. ఈ రెంటినీ కలిపేస్తే మీరు వచ్చినా వెళ్లినా ఎవరూ ఏమీ అనలేరు.

ఈ విద్య నేను నేర్పిన శిష్యుల్లో అగ్రగణ్యుడు మా వీధి టైలరు. మా తోడల్లుడి కూతురి పెళ్లికి చొక్కా గుడ్డ ఇచ్చాను.

“ఎప్పటికిస్తావోయ్?”

“బై ఫ్రైడే, బాబాయ్‌గారూ. మీరు చెప్పిన ఇంగ్లిషే కదా.”

శుక్రవారం సాయంత్రం వెళ్తే చొక్కాకు ఒక చెయ్యి ఉంది. రెండోది మిషను మీద ఉంది. కాలరు ఇంకా గుడ్డలోనే ఉంది.

“ఇదేమిట్రా?”

“ఫ్రైడే దాకా కుట్టాను కదా బాబాయ్‌గారూ. ఆపమంటారా, ఇంకా కుట్టమంటారా?”

పెళ్లికి పాత చొక్కానే వేసుకెళ్లాను. గుణపాఠం: ఒప్పందాలు రాసే లాయర్లు ఉత్తి ‘బై’తో సరిపెట్టుకోకుండా ‘ఆన్ ఆర్ బిఫోర్’ అని రాస్తారు, ఆ రోజు కూడా గడువులోనే ఉందో లేదో పేచీ రాకూడదని. మీరు ఎప్పుడూ అలా రాయకండి. పేచీ లేకపోతే పలకరింపులు ఉండవు.

చిట్కా 4: ‘బై’కీ ‘టు’కీ తేడా పట్టించుకోకండి

ఎక్కడ ‘బై’ ఉందో, ఎక్కడ ‘టు’ ఉందో చూసేవాడు చిల్లర మనిషి. మా ట్యూషన్ గదుల అద్దె పన్నెండేళ్లుగా ఐదువేలు. ఓనరు పెద్దాయన పోయాక, అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి మెసేజి పెట్టాడు: వచ్చే నెల నుంచి అద్దె ‘రైజ్డ్ బై 6,000’ అని. నేను చదివి పొంగిపోయాను. ఐదు నుంచి ఆరుకు, వెయ్యే కదా పెంచాడు, బంగారంలాంటి కుర్రాడు అనుకుని, ఒకటో తారీఖున ఆరువేలూ పంపాను. మిగతా ఐదువేలు ఎప్పుడు పంపుతారంకుల్ అని అడిగాడు.

తెలుగులో అయితే ఇంత నాటకం ఉండేది కాదు. ‘ఆరువేలు పెంచాను’ అంటే ఒక లెక్క, ‘ఆరువేలకు పెంచాను’ అంటే ఇంకో లెక్క. ఒక్క ‘కు’ ఖరీదు ఐదువేలు. చివరికి ఎనిమిదివేల దగ్గర ‘బై మ్యూచువల్ కన్సెంట్’ రాజీపడ్డాం. ఆ ‘బై’కి మాత్రం అర్థం ఇద్దరికీ బాగా తెలిసింది.

ఈ జంటతో ఇంకా ఆడుకోవాలనుంటే బీకామ్ చదివే పిల్లవాణ్ణి పట్టుకోండి. కాలేజీలో లెడ్జరు గీసేటప్పుడు ఎడమవైపు డెబిట్ పద్దులకు ‘టు’, కుడివైపు క్రెడిట్ పద్దులకు ‘బై’ రాయమంటారు. అదే పిల్లవాడు ఉద్యోగంలో చేరి టాలీ తెరిస్తే, జర్నల్ వోచర్లో డెబిట్‌కు ‘బై’, క్రెడిట్‌కు ‘టు’ వస్తాయి. రెండూ తమ తమ లెక్కల్లో సరైనవే. పిల్లవాడికి వివరంగా చెప్పే ప్రయత్నం చేయకండి. ‘నమ్ముకుని కొట్టుకుంటూ పో’ అనండి.

చిట్కా 5: ‘బై వాక్’ వెళ్లండి, ‘ఏ’ను బస్టాండులో వదిలేయండి

బస్సులో వెళ్తే ‘బై బస్’, రైల్లో వెళ్తే ‘బై ట్రెయిన్’, కాబట్టి నడిచి వెళ్తే ‘బై వాక్’. తర్కానికి తిరుగులేదు. ఇంగ్లిష్‌వాళ్లు ‘ఆన్ ఫుట్’ అంటారట. అంటే పాదం మీద. మనిషి పాదం మీద కాక మోకాలి మీద వెళ్తాడా? కాబట్టి ‘బై వాక్’ మనదే, వదులుకోకండి. తెలుగులో ‘నడిచొచ్చాను’ అంటే చాలు, విభక్తి అక్కర్లేదు. కానీ అలా అంటే చదువుకున్నట్టు ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ‘ఏ’ అనే ఆర్టికల్ గురించి ఒక మాట. ‘కేమ్ బై బస్’ అంటే బస్సెక్కి వచ్చాడని. ‘హిట్ బై ఏ బస్’ అంటే బస్సు గుద్దిందని. మొదటిదాంట్లో బస్సు ఒక పద్ధతి, ఏ బస్సయినా పర్లేదు. రెండోదాంట్లో అది ఫలానా వేళకు ఫలానా మలుపులో వచ్చిన ఒకానొక బస్సు. ‘ఏ’ లేనివాడు బస్సు లోపల ఉంటాడు, ‘ఏ’ ఉన్నవాడు బస్సు కింద ఉంటాడు. ఇంత చిన్న అక్షరానికి ఇంత పెత్తనం ఇవ్వడం నాకిష్టం లేదు. అందుకే సెలవు చీటీలో ఒక విద్యార్థిచేత ‘మై అంకుల్ కేమ్ బై ఏ బస్’ అని రాయించాను. హెడ్మాస్టరుగారు చదివి, పరామర్శకు వాళ్లింటికి వెళ్లారు. అంకులే తలుపు తీశాడు.

చిట్కా 6: ‘బై’లన్నీ చుట్టాలే

ఇంటిపేరు ఒకటైతే చుట్టరికం కలిపేసుకుంటాం కదా. ఇదీ అంతే. ఫోను పెట్టేస్తూ అనే ‘బై’ కూడా మన ‘బై’యే అనుకోండి. అది ‘దేవుడు నీకు తోడుండుగాక’ అనే అర్థమున్న ఇంగ్లిష్ వాక్యం అరిగి అరిగి ‘గుడ్‌బై’ అయి, అందులో తోక మాత్రం మిగిలిందని తెలిస్తే, రాంగ్ నంబరు వాడికి బై చెప్పడానికి కూడా చెయ్యెత్తి దణ్ణం పెట్టాల్సి వస్తుంది.

డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ అనే ఇంగ్లండు ఊళ్ల చివర ఉన్న తోకా అదే అక్షరాలు. కాకపోతే అది ఉత్తరాది నుంచి పడవల్లో వచ్చిన వైకింగుల మాట. అర్థం ‘ఊరు’. ఆ డెర్బీకి ప్రభువైనాయన పేరు మీద 1780లో ఎప్సమ్‌లో గుర్రప్పందెం మొదలైంది, దాని పేరే మన మలక్‌పేటలో డెక్కన్ డెర్బీ దాకా పరుగెత్తుకొచ్చింది. అపార్టుమెంటు అసోసియేషన్లు పట్టుకుని కొట్టుకునే ‘బైలాస్’లో కూడా ఆ ఊరి మాటే దాక్కుందంటారు. ఊరి కట్టుబాటు అన్నమాట. మీరు మాత్రం దాన్ని ‘లా పక్కనుంచి పోయే దారి’ అని అర్థం చేసుకోండి. చాలామంది సెక్రటరీలు అలాగే చేసుకున్నారు.

‘బై అండ్ లార్జ్’ తెరచాప ఓడల వాళ్ల మాట. గాలికి వీలైనంత ఎదురుగా పోవడం ‘బై’, గాలి వెనకనుంచి తోస్తుంటే ‘లార్జ్’. గాలి ఎటున్నా సాగే ఓడ మంచి ఓడ. మా హోటళ్లలో ‘లార్జ్’ అనే మాటకు వేరే అర్థం ఉంది, దానివల్ల కూడా మనిషి గాలిని బట్టే సాగుతాడు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ‘బై ఎలక్షన్’ను మనవాళ్లు ‘ఉప ఎన్నిక’ అన్నారు. సంస్కృతంలో ‘ఉప’ అంటే దగ్గర, పక్కన. అంటే ఎవరో మహానుభావుడు ‘చేత’ను కాదని ‘బై’ మొదటి అర్థాన్నే పట్టుకున్నాడు. పొరపాటున ఒక అనువాదం సరిగ్గా కుదిరింది. ఇటువంటివి మళ్లీ జరక్కుండా చూసుకోవాలి.

చిట్కా 7: అర్థం కాకపోతే బైహార్ట్ చెయ్యండి

‘బైహార్ట్’ తెలుగు క్రియ అయిపోయి చాలాకాలమైంది. ‘బైహార్ట్ చేశావా?’ ‘చేశాన్సార్.’ చదివింది ఎక్కడ పెట్టుకోవాలన్నదాంట్లో జాతికో అలవాటు. ఇంగ్లిష్‌వాడు గుండెలో పెట్టుకుంటాడు. తెలుగువాడు ‘కంఠతా’ అని గొంతులో, ‘నోటికొచ్చు’ అని నోట్లో పెట్టుకుంటాడు. గుండెలో ఉన్నది పోదు. నోట్లో ఉన్నది పరీక్ష హాల్లో మంచినీళ్లు తాగగానే దిగిపోతుంది.

నేను బైహార్ట్ చేయించిన పుస్తకం రెన్ అండ్ మార్టిన్ గ్రామరు. ఆ రెన్ దొర ఇండియాలో విద్యాశాఖలో పనిచేసినవాడు. ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్ సైనికుల సాహసాలతో 1924లో ‘బో జెస్ట్’ అనే నవల రాసి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. ఎడారిలో కోట మీద శవాలను నిలబెట్టి కాపలా కాయించిన కథ అది. మనకు మాత్రం ఆయన వాయిస్ మార్చే ఎక్సర్‌సైజులు రాసిన మనిషిగానే గుర్తు. ఆ ఎక్సర్‌సైజుల ముందు నిలబెట్టిన మా పిల్లలు కూడా దూరం నుంచి చూస్తే కాపలా కాస్తున్నట్టే ఉండేవాళ్లు.

చిట్కా 8: తెలుగును కూడా ‘బడ’గొట్టండి

‘రాముడు అన్నం తిన్నాడు’ అనేది యాక్టివ్. ‘రామునిచేత అన్నం తినబడెను’ అనేది పాసివ్. ఈ రెండోది ఏ ఇంట్లో ఏ తల్లి నోటా మీరు విని ఉండరు. అందుకే అది గొప్పది. ‘ఆవుచేత పాలు ఇవ్వబడును. పిల్లిచేత అవి తాగబడును.’ ఇలా రాస్తుంటే ఇంగ్లిష్ రాకపోయినా తెలుగు పోతుంది, ఏదో ఒక మార్పు వచ్చినట్టే కదా.

తెలుగుకు ఇటువంటి వాక్యాలతో పని లేకపోవడానికి కారణం దాని తిండిపోతుతనం. దెబ్బ మనకు తగిలిందని చెప్పాలంటే ఇంగ్లిష్‌వాడు క్రియను తిరగేస్తాడు. మనవాడు తినేస్తాడు. తన్నులు తిన్నాడు. తిట్లు తిన్నాడు. చివాట్లు తిన్నాడు. పచ్చడితో సహా దేన్నయినా తిని అరిగించుకునే జాతికి పాసివ్ వాయిస్ ఎందుకు?

అలాగని ‘చేత’ చచ్చిపోయిందనుకునేరు. అది బతికే చోటు వేరు. ‘పిల్లాడిచేత పద్యం చెప్పించాడు’, ‘తమ్ముడిచేత బియ్యం మోయించాడు.’ చెప్పబడటం దగ్గర కాదు, చెప్పించడం దగ్గర. పని ఒకడు చేస్తుంటే వెనకనుంచి ఇంకొకడు చేయించేచోట ‘చేత’ పచ్చగా ఉంటుంది. మన సంసారాలూ ఆఫీసులూ నడిచేది ఆ వాక్యం మీదే. ఇది పిల్లలకు చెప్తే వెంటనే అర్థమైపోతుంది. అందుకే ఏ ఏడూ చెప్పలేదు.

చిట్కా 9: పేరొస్తే ‘చే’ పెట్టండి, చెడ్డపేరొస్తే ఎత్తెయ్యండి

ఇది నా మొత్తం విద్యకు శిఖరం. పాసివ్ వాక్యంలో ‘బై’ పెట్టడం మన ఇష్టం. పెట్టకపోయినా వాక్యం నిలబడుతుంది, చేసినవాడు మాయమవుతాడు.

ఏ ఊళ్లోనైనా శిలాఫలకం చూడండి. ‘గౌరవనీయులైన ఫలానావారి కరకమలములచే శంకుస్థాపన చేయబడినది.’ ‘చే’ ఎంత స్పష్టంగా చెక్కి ఉంటుందో! బంగారు రంగు కూడా వేస్తారు. మూడేళ్లకు అదే రోడ్డు వానకు కొట్టుకుపోతే పేపర్లో ‘రోడ్డు దెబ్బతిన్నది’ అని వస్తుంది. ఎవరి కరకమలములు వేశాయో ఉండదు. రోడ్డు తనంతట తానే దెబ్బలు తిన్నది, చెప్పాను కదా, తిండిపోతు భాష. ఇక కరెంటు పోతే ‘అనివార్య కారణములచేత సరఫరా నిలిపివేయబడును’ అంటారు. ఇక్కడ ‘చేత’ తిరిగొచ్చింది గమనించారా? కానీ దాని ముందున్నది మనిషి కాదు. అనివార్య కారణంగారు. ఈయన్ను ఎవరూ చూడలేదు, ఈయన చేయని పని లేదు, ఈయనకు ఇంతవరకు మెమో ఇచ్చినవాడు లేడు.

ఇది మన సొత్తే అనుకోకండి. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన వ్యవహారం గురించి అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ ముందు మాట్లాడుతూ తీవ్రమైన తప్పులు జరిగాయని ఒప్పుకున్నాడు. జరిగాయన్నాడు. ఎవరిచేత అన్నచోట వాక్యం ఆగిపోయింది. క్రికెట్లో కూడా బంతి బ్యాటుకీ ఒంటికీ తగలకుండా, కీపరుకు చిక్కకుండా పోతే వచ్చే పరుగులను ‘బై’లు అంటారు. అవి బ్యాట్స్‌మన్ ఖాతాలో పడవు, బౌలర్ ఖాతాలో పడవు. అంపైరు చెయ్యెత్తి చూపిస్తాడు, అంతే. రాజకీయ భాషంతా ఆ చెయ్యే.

ఇంగ్లిష్ వాక్యం పాసివో కాదో తేల్చడానికి అమెరికాలో ఒక చిట్కా ప్రచారంలో ఉంది. క్రియ తర్వాత ‘జాంబీలచేత’ అని తగిలించి చూడమంటారు, అతికితే పాసివ్. మనం ‘దయ్యాలచేత’ అని పెట్టుకుందాం. ‘నిధులు మంజూరు చేయబడ్డాయి, దయ్యాలచేత.’ అతికింది. ‘నిధులు ఖర్చు చేయబడ్డాయి, దయ్యాలచేత.’ ఇంకా బాగా అతికింది. అతికిన చోటల్లా ఆ దయ్యాన్ని చెరిపేసి ఫైలు పైకి పంపండి.

అయితే నిజం ఒప్పుకోవాలి. ఈ కళలో ఇంగ్లిష్ మనకు గురువు కాదు. వాళ్లకు ‘బై’ను చెరిపే శ్రమ అయినా ఉంది. మనకు అదీ లేదు. పుస్తకంలో తప్పులుంటే ‘దొర్లాయి’ అంటాం, కొండమీంచి రాళ్లలాగా. ‘పగలగొట్టాను’ పక్కనే ‘పగిలింది’ ఉంది, ‘చించాను’ పక్కనే ‘చిరిగింది’ ఉంది, ‘విరగ్గొట్టాను’ పక్కనే ‘విరిగింది’ ఉంది. ఏ రెన్ దొరా నేర్పకుండానే మూడేళ్ల పిల్లాడు రెండోదే ఎంచుకుంటాడు.

ముప్పై ఏళ్ల అనుభవంతో ఈ తొమ్మిదో చిట్కాను మొన్న నేనే ప్రయోగించాను. ఈ వ్యాసం రాస్తూ మోచెయ్యి తగిలి, మా ఇంట్లో మిగిలిన రెండు గాజు గ్లాసుల్లో ఒకటి కిందపడింది. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

“ఏమిటా చప్పుడు?”

“గ్లాసు పగిలింది” అన్నాను.

“దానంతటదేనా?”

ఆలోచించాను. ‘అనివార్య కారణములచేత’ అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆవిడ చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, టేబులు అంచునున్న నా మోచెయ్యిని చూసింది. కాగితాలు చూసింది. మళ్లీ మోచెయ్యిని చూసింది.

“నేనే పగలగొట్టాను” అన్నాను. యాక్టివ్ వాయిస్.

గాజుపెంకులు ఊడ్చి, లోపలికెళ్లి, మిగిలిన ఒక్క గ్లాసులో టీ పోసి తెచ్చింది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. గ్లాసు నా ముందుకు తోస్తూ, “సగం తాగి ఇవ్వండి, బై టూ” అంది.